శనివారం లోడెత్తని మామ్మగారు

మా పక్క నర్సరీ మామ్మగారు పోయారు. ఓ శుక్రవారం పొద్దున్న, ఇంకా మంచు విడవకముందే, ఆవిడ దగ్గర పనిచేసే నాగమణి మా గేటు దగ్గర నిలబడి "మామ్మగారు లేవట్లేదండీ, ఓసారి రండి" అని పిలిచింది. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. వార్త ఇంతే. దీనికి అలంకారాలేమీ అక్కర్లేదు. కానీ మా కడియంలో మనిషి పోతే అలంకారం చెయ్యకుండా వదలరు. ఆ పగలంతా నేను చేసిందల్లా ఆ అలంకారం ఆవిడ మీద పడకుండా కాపలా కాయడమే. ఈ నాలుగు ముక్కల్లో కోపం పాలు ఎక్కువగా కనిపిస్తే అందుకేనని పాఠకులు అర్థం చేసుకోవాలి.

మామ్మగారు యూదు మతస్థురాలు. తెలుగువాళ్ళలో యూదులేంటని మీలో చాలామంది ఇక్కడ ఆగుతారు. మా వీధివాళ్ళూ ఆగారు, ఆగినవాళ్ళు మళ్ళీ కదల్లేదు. గుంటూరు వైపు ఓ ఊళ్ళో కొన్ని కుటుంబాలవాళ్ళు ఆ ధర్మం పట్టుకుని బతుకుతున్నారు. వాళ్ళకో చిన్న ప్రార్థన మందిరం ఉంది. ఆవిడ అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళి చేసుకుని, భర్తతో కలిసి కడియం వచ్చారు. కౌలు చేలో మామిడి అంట్లు కట్టడం మొదలుపెట్టి, చివరికి ఆ చేనే కొనుక్కున్నారు. పిల్లల్లేరు. నేను పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో మామ్మగారి భర్త పోతే, చేను చివర కొబ్బరిచెట్ల పక్కన పూడ్చారు. ఆ తర్వాత నర్సరీ అంతా ఆవిడే నడిపారు.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఆవిడ నర్సరీలో హడావిడి మొదలయ్యేది. మర్నాటికి కూడా సరిపోయేలా మొక్కలన్నిటికీ రెండింతలు నీళ్ళు పెట్టించేవారు. వంట చేసి మూతలు పెట్టేసుకునేవారు. పొద్దు వాలకముందే రెండు దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఏదో మెల్లగా చెప్పుకునేవారు. అక్కడితో పని బంద్. శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు కనపడేదాకా ఆవిడ మొక్క ముట్టరు, కూలీల చేత ముట్టించరు. ఆ రోజు కూలి కోసేవారు కాదు. బండి లాగే ఎద్దుకి కూడా సెలవే. "ఎద్దుకేం తెలుసండీ శనివారం?" అని మా ఆయన వేళాకోళం చేస్తే, "దానికి తెలీదనే కదయ్యా, మనం తెలుసుకోవాలి" అన్నారు.

ఒకసారి బెంగళూరు లారీ వచ్చి శనివారం పొద్దుటి నుంచీ గేటు ముందు పడి ఉంది. కొనుక్కునే ఆసామి గింజుకుంటున్నాడు. ఒక్క శనివారానికి ఏమైపోతుందండీ, ఎవరు చూస్తారండీ అని. మామ్మగారు అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

"వారమంతా ఈ మొక్కల్ని నేనే పెంచుతున్నానని అనుకుంటాను బాబూ. శనివారం నేను ముట్టుకోపోయినా పెరుగుతాయి. ఆ సంగతి వారానికోసారి గుర్తు చేసుకోకపోతే నాకు తల తిరిగిపోద్ది."

ఆసామికి ఏమీ అర్థం కాలేదు. మా వీధికీ కాలేదు. కాకపోతే మా వీధికి అర్థం కాకపోవడం ఒక పద్ధతిగా ఉంటుంది. శుక్రవారం దీపం పెడుతుంది కాబట్టి లక్ష్మీదేవికని తేల్చారు. శనివారం పని ముట్టదు కాబట్టి వెంకన్నబాబు మొక్కు అని తేల్చారు. గుమ్మం పక్కన వాలుగా బిగించిన చిన్న చెక్కగొట్టాన్ని, లోపలికి వెళ్ళేటప్పుడల్లా తాకి వేళ్ళు పెదాలకి ఆనించుకోవడాన్ని చూసి, కోరుకొండ కొండ మీద ఎవరో కట్టి ఇచ్చిన రక్షరేకని తేల్చారు. అందులో ఉన్నది దేవుడు ఒక్కడే అని చెప్పే మాటలు రాసిన చర్మపు చుట్ట. మామ్మగారు మొదట్లో విప్పి చెప్పబోయారు. మా దేవుడికి రూపం లేదండీ, పటం లేదు, మధ్యలో ఇంకెవరూ లేరు, ఆయనకీ మాకూ ఒక ఒప్పందం ఉంది, ఆయన చెయ్యమన్నవి చేస్తాం, వద్దన్నవి మానేస్తాం, అని. విన్నవాళ్ళు సగంలోనే చేతులూపేసి "అందరి దేవుడూ ఒకడే కదండీ" అనేవారు. ఎంత గొప్ప మాట! ఎదుటివాడి దేవుడి గురించి ఒక్క ముక్క కూడా వినకుండా తప్పించుకోవాలంటే దీనికి మించిన మాట లేదు. నిజంగా ఒకడే అని నమ్మి, ఆ ఒక్కడి కోసం నోరు కట్టుకుని బతికిన మనిషి ముందు దాన్ని విసిరేసి వెళ్ళిపోయేవారు.

మరికొందరు ఉండేవారు, ఇంకా తెలివైనవాళ్ళు. "యూదులు సరేనండీ, అసలు మీరేవిట్లు?" అని అడిగేవాళ్ళు. కులం అడిగే ఆ ప్రశ్నకి మాత్రం ఆవిడ జవాబు చెప్పేవారు కాదు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నారు. "నా జవాబు కాదమ్మాయ్ వాళ్ళకి కావాల్సింది. నాకు ఏ గ్లాసుతో మంచినీళ్ళివ్వాలో, అది కావాలి."

ఆవిడ తిండి మా వాళ్ళకి ఇంకో వింత. చుట్టూ రొయ్యల చెరువులు, ఆవిడ గుమ్మంలోకి రొయ్య రాదు. పీత రాదు. జెల్ల చేప రాదు. రెక్కా పొలుసూ ఉన్న చేపైతే సరే. పులస దొరికిన రోజు మాత్రం "దీన్ని పుట్టించినప్పుడు మా దేవుడు నన్ను తలుచుకునే ఉంటాడు" అని మురిసిపోయేవారు. బయట మాంసం ముట్టరు. నేనోసారి ఆవిడింట్లో కోడికూరతో సుష్టుగా తిని, చివర్లో అలవాటు కొద్దీ పెరుగు అడిగాను. "ఇవాళ కోడి. పెరుగు లేదు" అన్నారు. ఎందుకు లేదంటే, తల్లి పాలలో పిల్లని ఉడికించకూడదని వాళ్ళకో ఆజ్ఞ ఉందట. కోడి పాలివ్వదు కదండీ అన్నాను, పెద్ద తెలివిగా. "ఇవ్వదు. మా పెద్దలకీ తెలుసు. గీత దాకా వెళ్ళి ఆగడం కష్టమని, ముందే ఆగిపొమ్మన్నారు" అని నా కంచంలో చారు పోశారు. పెరుగన్నం లేకుండా చెయ్యి కడుక్కోవడం మాకెంత కష్టమో మీకు తెలియంది కాదు. ఆ రోజు కడుక్కున్నాను.

మామిడి అంటు సంచీలో ఉండగానే కాయ కాస్తే మా అందరికీ పండగ. కాయతో ఉన్న మొక్క ఇట్టే అమ్ముడుపోతుంది. మామ్మగారు ఆ కాయ తుంచేసేవారు. నాటిన మూడేళ్ళ దాకా ఏ చెట్టు కాయా వాళ్ళు తినరు. మొదటిసారి చూసి అయ్యో, ఎందుకండీ అన్నాను. "పసిది. ముందు వేరు పట్టనీ. దాన్ని పీక్కు తినడానికి ఎంతసేపు?" అన్నారు. ఆ మాట ఆవిడ మామిడి గురించే అన్నారు. నేను మాత్రం మా వీధిలో పెళ్ళై వచ్చిన ప్రతి కొత్త కోడలినీ చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తు చేసుకున్నాను.

మతం అంటే ఏమిటని నన్నెవరూ అడగరు, అడిగినా నేను పండితురాలిని కాను. కానీ ఆ ఇంటి పక్కన ఇన్నేళ్ళున్నాక నాకొకటి తోచింది. మా వాళ్ళ భక్తి అంతా చేతులు చాచడం. ఇది ఇప్పించు, అది గెలిపించు, ఆ స్థలం రిజిస్ట్రేషన్ అయ్యేలా చూడు. ఆవిడ భక్తి చేతులు ఆపుకోవడం. తినగలిగింది తినకుండా, తెంపగలిగింది తెంపకుండా, అమ్మగలిగిన రోజు అమ్మకుండా. పోయాక ఏమవుతుంది మామ్మగారూ అని అడిగితే నవ్వేసేవారు. "అది ఆయన పని. నాకు చెప్పిన పని ఇక్కడుంది" అని మట్టి చేతులు చూపించేవారు. వాళ్ళ రక్షకుడు ఇంకా రాలేదట, వస్తాడట. "వచ్చేదాకా నీళ్ళు పెట్టడం మానకూడదు కదా" అనేవారు. వాళ్ళ మతంలో కలుస్తానని వచ్చిన కుర్రాణ్ణి ఆవిడ అట్నుంచి అటే పంపించేశారు. మంచిగా బతకడానికి యూదులే కానక్కర్లేదు, ఉన్నచోటే ఉండి అబద్ధాలు తగ్గించుకో అన్నారు. మతం పేరుతో మైకులు పట్టుకు తిరిగే ఈ రోజుల్లో, వచ్చినవాణ్ణి వెనక్కి పంపిన మతం నేను అదొక్కటే చూశాను.

వాళ్ళకి ఏడాదికోసారి పెద్ద ఉపవాసం ఉంటుంది, పాపాలు ఒప్పుకునే రోజు. దానికి ముందు రోజు మామ్మగారు షేడ్ నెట్ కింద సంచులు నింపుతున్న నాగమణి ముందుకెళ్ళి నిలబడ్డారు. నేను అక్కడే ఉన్నాను.

"మొన్న గులాబీలు ఎండిపోయాయని అందరి ముందూ నిన్ను తిట్టాను. మోటారు పాడైందని తర్వాత తెలిసింది. నన్ను క్షమించు నాగమణీ."

నాగమణి బెదిరిపోయింది. "అయ్యబాబోయ్, మీరు నన్నడగడమేంటండీ! దేవుణ్ణి అడగండి."

"అడిగాను. అది నా చేతుల్లో లేదు, నాగమణిని అడుగు అన్నాడు."

ఆయనకి చేసిన తప్పు ఆయన క్షమిస్తాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషి క్షమించేదాకా ఆయన కూడా ముట్టుకోడు, అదీ వాళ్ళ నమ్మకం. నేనూ పుష్కరాల్లో మునిగినదాన్నే. నా పక్కనే మా బంధువొకాయన, తోడబుట్టినవాడి గట్టు జరిపి కోర్టుకి తిప్పిన మనిషి, ముక్కు మూసుకుని మునిగి లేచి "హమ్మయ్య, తేలికైంది" అన్నాడు. గట్టు ఇప్పటికీ జరిపిన చోటే ఉంది. గోదావరి ఏం చేస్తుంది పాపం!

ఇక ఆ శుక్రవారం సంగతి.

ఆవిడ నాతో ఎన్నోసార్లు చెప్పి ఉంచారు. పోయిన రోజే మట్టిలో పెట్టెయ్యాలి. శుక్రవారమైతే పొద్దు వాలకముందే, ఎందుకంటే శనివారం పూడ్చరు. పెట్టెలో తను కుట్టుకున్న తెల్లబట్ట ఉంది, దానికి జేబులుండవు, అందులో చుట్టాలి. పువ్వులొద్దు, బాజా వద్దు, పొగడొద్దు. "ఊరంతటికీ పువ్వులమ్మారు, మీకొక్క దండ వద్దా?" అంటే, "బీదవాడు పోతే దండలుండవు కదమ్మాయ్. వాడికీ నాకూ తేడా కనపడకూడదు" అన్నారు. నేను గుంటూరు వైపు వాళ్ళ మందిరం పెద్దాయనకి ఫోన్ చేశాను. వెంటనే బయల్దేరుతున్నాం, పొద్దు వాలకముందు అయిపోవాలమ్మా, చూసుకో అన్నారు.

చూసుకోవడం మాటలా? ఎండ ఎక్కేసరికి భజన మండలి పెద్దాయన తాళాలతో సహా దిగాడు. శనివారాలు చేసిన పుణ్యాత్మురాలు, గోవిందనామం వినిపించకుండా ఎలా పంపుతామండీ అని. వెనకాలే పాస్టరుగారు. శనివారం విశ్రాంతి పాటించింది, పంది మాంసం ముట్టలేదు, కాబట్టి ఆవిడ మనసులో తమ విశ్వాసేనట. బతికున్నన్నాళ్ళూ ఏవిట్లని అడిగినవాళ్ళు, పోయాక మా మనిషంటే మా మనిషని గుమ్మం ముందు పోట్లాడుకుంటున్నారు. ఆవిడ యూదులండీ అని చెప్పాను. ఇద్దరూ ఒకేసారి "అన్నీ ఒకటే కదమ్మా" అన్నారు. ఆ రోజంతటిలో వాళ్ళు ఏకీభవించింది ఆ ఒక్క ముక్క దగ్గరే.

"అయితే గొయ్యి తవ్వాలి. గునపం ఎవరు పడతారు?" అన్నాను. ఒకాయనకి నడుం నొప్పి గుర్తొచ్చింది. ఇంకొకాయనకి రావులపాలెంలో ప్రార్థన కూటం గుర్తొచ్చింది. గొయ్యి ఆవిడ కూలీలే తవ్వారు.

అసలు గండం అప్పుడొచ్చింది. మామ్మగారి మరిది కొడుకు, రాజమండ్రిలో ప్లాట్లు అమ్ముతాడు. పుట్టుకతో యూదుడే గానీ, ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ, ఏ గుడిలో పెద్దమనిషి కనపడితే ఆ గుడి. కారు దిగుతూనే ఫ్రీజర్ బాక్సు దింపించాడు. ఫ్లెక్సీకి ఆర్డర్ కూడా ఇచ్చేశాడట, పైన మామ్మగారు చిన్నగా, కింద తను పెద్దగా.

"ఆదివారం చేద్దాం ఆంటీ. అన్న వస్తానన్నాడు. ఈ చుట్టుపక్కల అంత పెద్ద లీడర్ ఎవరి చావుకీ వెళ్ళలేదు తెలుసా?"

"పొద్దు వాలకముందే పూడ్చాలని మీ పెద్దమ్మ మాట బాబూ. మీ ధర్మం కూడా అదే."

"ధర్మానికేముందాంటీ, ఏసీ బాక్సు లేని రోజుల్లో పెట్టిన రూల్సవి. ఎవరు చూస్తారు?"

అదే మాట. లారీ ఆసామి అన్న మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచి లాభం లేదని కూడా తెలుసు. వారసుడు వాడు, కాగితాల ప్రకారం ఇంట్లో అరుగు మీద కూర్చునే హక్కు కూడా నాకు లేదు. రెండు రోజులు గడిచేదాకా ఆవిణ్ణి ఆ గాజుపెట్టెలో, దండల కింద, ఫోటోల కోసం పడుకోబెడతారు. బతికినన్నాళ్ళూ దేనికి దూరంగా ఉన్నారో దాని మధ్యలో. అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది.

"సరే, ఆదివారమే చేద్దువుగాని. కానీ ముఖం కనపడదు బాబూ."

"అంటే?"

"మీవాళ్ళు శవం ముఖం చూపించరు కదా. తిరిగి చూడలేని మనిషిని చూడటం మర్యాద కాదంటారు. మీ పెద్దాయన వస్తున్నారు, తల నుంచి కాళ్ళ దాకా బట్ట చుట్టేస్తారు. దండలు తీసేస్తారు. మాట్లాడనివ్వరు. మీ అన్న పక్కన ఫోటోలో తెల్లమూట పడుతుంది."

వాడి ముఖం చూడాల్సింది. ఫోన్ తీసుకుని మల్లె మొక్కల మధ్యకి వెళ్ళాడు. మాటలు వినపడుతూనే ఉన్నాయి. "అవునన్నా... ముఖం కూడా కనపడదంట... దండ కూడా వద్దంట..." తిరిగొచ్చి, వాచీ చూసుకుంటూ, "ఇవాళే కానిచ్చెయ్యండి ఆంటీ. అన్నకి ఆదివారం వేరే ప్రోగ్రాం ఉందంట" అన్నాడు. దేవుడి ఆజ్ఞకి లొంగనివాడు కెమెరాకి లొంగాడు. గాజుపెట్టె వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయింది.

గుంటూరు వైపు నుంచి పెద్దాయన, ఆయన భార్య, ఇంకొందరు వ్యానులో వచ్చారు. పెద్దాయన భార్యా నేనూ నాగమణీ మామ్మగారికి స్నానం చేయించి బట్ట చుట్టాం. చేను చివర, భర్త పక్కన, పెట్టె లేకుండా మట్టిలోనే దింపారు. దగ్గరివాళ్ళు బట్ట చించుకోవడం వాళ్ళ ఆచారం. పెద్దాయన తన చొక్కా గుండె దగ్గర చర్రున చించుకున్నారు. మరిది కొడుకు తన ఇస్త్రీ చొక్కా వైపు ఓసారి చూసుకుని, ఒక గుండీ ఊడబీకి అయిందనిపించాడు. పెద్దాయన వాళ్ళ భాషలో ప్రార్థన చదివారు. చావు మాట అందులో ఎక్కడా లేదట, దేవుణ్ణి పొగడటమే ఉందట. మామ్మగార్ని ఎవరూ పొగడలేదు. తలో గుప్పెడు మట్టి వేశాం. చివర్లో భజన మండలి పెద్దాయన తాళాలు లేకుండా ఒక్కడే వచ్చి, ఓ గుప్పెడు వేసి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కసారికి ఆయన మీద నా కోపం కాస్త తగ్గింది. పువ్వులకి బదులు వాళ్ళు చిన్న రాయి పెడతారట. నేనూ ఒకటి పెట్టాను. పొద్దు వాలుతోంది, పెద్దాయన భార్య గబగబా ఇంట్లోకి వెళ్ళి ఆ రెండు దీపాలూ వెలిగించింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆ దీపాల ముందు కళ్ళు మూసుకున్న ముఖం ఇంక కనపడదు.

వాళ్ళు శనివారం ప్రయాణం చెయ్యరు కాబట్టి ఆ ఇంట్లోనే ఉండిపోయారు. శనివారం మధ్యాహ్నం దాటాక మరిది కొడుకు మళ్ళీ దిగాడు, ఈసారి నాగపూర్ లారీతో. గొయ్యి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. గేటు తీయించి లోడెత్తమన్నాడు. కూలీలు వచ్చారు, వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"ఏంటి కూర్చున్నారు? ఎత్తండి!"

"ఇయ్యాల శనోరం కదండీ" అంది నాగమణి.

"మీరు యూదులా ఏంటి? ఎత్తకపోతే కూలి లేదు. పెద్దమ్మే పోయింది, ఇంకెవరు చూస్తారు?"

నాగమణి కొంగు సర్దుకుంది. "ఆవిడ చూత్తారని మానేశామేంటండీ ఇన్నాళ్ళూ?" అంది.

వాడు అరిచాడు, ఫోన్లు చేశాడు. ఒకటి రెండు కుండీలు తనే ఎత్తబోయి ముల్లు గుచ్చుకుని వదిలేశాడు. ఎండ తగ్గింది. లారీ డ్రైవరు చూసి చూసి సీట్లోంచి దిగి వాళ్ళ పక్కనే కూర్చుని, ఎప్పుడు ఎత్తుతారో తనకొచ్చిన రెండు తెలుగు ముక్కల్లో అడిగాడు. నాగమణి ఆకాశం చూపించింది. ఆ మనిషికి ఏమర్థమైందో గానీ తనూ తలెత్తాడు. కొబ్బరిచెట్ల పైన ఒక చుక్క వచ్చింది. కాసేపటికి రెండోది. మరిది కొడుకు వాచీ వదిలేసి తనూ పైకి చూస్తున్నాడు, తిట్టుకుంటూ. "అదిగో, మూడోది!" అని వేలు చూపించాడు.

"అది సెల్ టవరండీ" అంది నాగమణి, చూపు తిప్పకుండా.